ఉద్దానానికి ఆసుపత్రి ఎంత దూరం?

కిడ్నీ జబ్బు ముదిరిన మనిషికి డాక్టరు ముందుగా వద్దని చెప్పేవాటిలో కొబ్బరి నీళ్లు ఒకటి. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ తర్వాత పనస తొనలు వద్దంటారు, జీడిపప్పు వద్దంటారు. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఒకవైపు మహేంద్రగిరి కొండలు, మరోవైపు బంగాళాఖాతం మధ్య పరుచుకున్న ఉద్దానానికి పేరు తెచ్చినవి ఈ మూడు పంటలే. పెరట్లో కాసిందేదీ నోట పెట్టుకోలేని మనుషులు ఇక్కడ ఊరూరా ఉన్నారు.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లోని పల్లెలనే ఉద్దానం అంటున్నాం. దూరం నుంచి చూస్తే ఇది కోనసీమకు చెల్లెలు. ఇసుక నేల, చల్లని నీడ, సముద్రపు గాలి. పలాస జీడిపప్పు దేశమంతా తిరుగుతుంది. కానీ 1990ల నుంచి ఈ ప్రాంతం పేరు చెప్పగానే బయటివాళ్లకు ముందు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బే. షుగరు లేదు, బీపీ లేదు. నలభై యాభై ఏళ్లకే, ఒక్కోసారి అంతకన్నా ముందే, మంచి కష్టజీవికి రెండు కిడ్నీలూ ఎండిపోతాయి. ఎందుకన్నది ముప్పై ఏళ్లు దాటినా తేలలేదు.

ఈ ముప్పై ఏళ్ల కథను చాలామంది చాలా రకాలుగా చెప్పారు. చావుల లెక్కగా చెప్పినవాళ్లున్నారు, పార్టీల వాగ్దానాల చిట్టాగా చెప్పినవాళ్లున్నారు. దాన్ని కిలోమీటర్లలో కొలిచి చూద్దాం. జబ్బు మనిషి గుమ్మం నుంచి ఆసుపత్రి మంచం దాకా ఎంత దూరం? ఆ దూరం ఎలా తగ్గింది? తగ్గనిది ఎక్కడ మిగిలిపోయింది?

సోంపేటకు రైలెక్కి వచ్చిన రోజులు

ఈ ప్రాంతానికి వైద్యం కొత్తేమీ కాదు. ఒకప్పుడు ఇక్కడి ఆసుపత్రి కోసమే దూరాల నుంచి జనం వచ్చేవారు. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టు మిషనరీలు ఉత్తర కోస్తా వెంబడి పైకి విస్తరిస్తూ సోంపేట దాకా వచ్చారు. అక్కడ ఆరోగ్యవరం పేరుతో ఆసుపత్రి వెలిసింది. కంటి ఆపరేషన్లకు అది పేరుమోసింది. చీకటి కమ్మిన కళ్లతో ఎవరి చెయ్యో పట్టుకుని వచ్చిన ముసలివాళ్లు శుక్లం తీయించుకుని తమ కాళ్ల మీద తామే ఇంటికి నడిచిపోయేవారు.

ఆ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ బెన్ గల్లిసన్ కెనడా వెళ్లినప్పుడు ఇక్కడి సంగతులు చెప్పారు. కాల్గరీ నగరంలో వ్యాపారి అయిన ఆర్ట్ జెంకిన్స్ ఆ మాటలు విని ఊరుకోలేకపోయారు. 1963లో సోంపేట ఆసుపత్రికి డబ్బు కూడగట్టడం కోసమే ఒక సంస్థను మొదలుపెట్టారు. అదే నేటి ఆపరేషన్ ఐసైట్. ఆ తర్వాత అది ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ అనేక దేశాలకు విస్తరించింది. ప్రపంచమంతా తిరిగిన ఒక కంటి వైద్య ఉద్యమానికి పునాదిరాయి పడింది శ్రీకాకుళం జిల్లాలోని ఓ చిన్న ఊళ్లో అన్న సంగతి జిల్లాలోనే చాలామందికి తెలియదు.

చిన్న ఊరి ఆసుపత్రి ఏం చేయగలదో చెప్పడానికి సోంపేట కన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. కానీ శుక్లానికీ కిడ్నీ జబ్బుకూ పెద్ద తేడా ఉంది. శుక్లం ఏమిటో తెలుసు, ఎక్కడుందో తెలుసు, ఒక్కసారి తీసేస్తే పనైపోతుంది. రోగి వస్తాడు, బాగుపడతాడు, వెళ్లిపోతాడు. కిడ్నీ జబ్బు ముదిరిన రోగి వెళ్లిపోవడమంటూ ఉండదు. మిషనుతో రక్తం శుభ్రం చేయించుకోవడానికి, అంటే డయాలసిస్‌కు, వారానికి రెండుసార్లో మూడుసార్లో బతికున్నంత కాలం తిరిగి రావాల్సిందే. ఒకసారి చేసి పంపించే వైద్యానికి అలవాటుపడిన వ్యవస్థ, ఎప్పటికీ వదలని జబ్బు ముందు తెల్లబోయింది. ఉద్దానం కష్టాల్లో సగం అక్కడే మొదలయ్యాయి.

రెండు వందల కిలోమీటర్ల మంచం

1990లలో కవిటి మండలం చుట్టుపక్కల పల్లెల నుంచి ఒకే రకమైన రోగులు వరసగా విశాఖపట్నం చేరడం మొదలైంది. 1923 నుంచి ఉత్తరాంధ్ర మొత్తానికీ పెద్ద దిక్కైన కింగ్ జార్జ్ ఆసుపత్రే వాళ్లకూ దిక్కు. అక్కడి నెఫ్రాలజీ విభాగంలో పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు వంటివారు ఈ రోగులంతా ఒకే ప్రాంతం వాళ్లని గమనించి, ఊళ్ల బాట పట్టి ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. ఉద్దానం నెఫ్రోపతి అన్న పేరు వైద్య పత్రికల్లోకి ఎక్కింది.

పేరైతే వచ్చింది గానీ మంచం మాత్రం విశాఖలోనే ఉండిపోయింది. పలాస నుంచి విశాఖకు సుమారు 190 కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచైతే ఇంకా ఎక్కువ. డయాలసిస్ ఒక్కో విడత నాలుగు గంటలు పడుతుంది. దాని కోసం ముందురోజే రైలెక్కాలి, లేదా అర్ధరాత్రి లేచి బస్సు పట్టుకోవాలి. నీరసంతో తూలుతున్న మనిషి ఒంటరిగా వెళ్లలేడు, తోడు ఒకరుండాలి. అంటే ఇంట్లో ఇద్దరి కూలి పోయినట్టే. తిరిగొచ్చి ఒక రోజు పడుకునేసరికి మళ్లీ బయల్దేరే వేళవుతుంది. ప్రైవేటు ఆసుపత్రిలో చేయించుకునే స్తోమత ఉన్నవాళ్లకు కూడా ఆ స్తోమత ఎక్కువ కాలం నిలిచేది కాదు. ముందు బంగారం తాకట్టుకు వెళ్లేది, తర్వాత పశువులు, ఆ తర్వాత తోట.

ఇచ్ఛాపురం వైపు వాళ్లకు మరో దారి ఉంది. రాష్ట్రం సరిహద్దు దాటితే పాతిక కిలోమీటర్ల దరిదాపుల్లో ఒడిశాలోని బరంపురం, అక్కడ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. ఉద్దానంలో తెలుగూ ఒడియా రెండూ వినిపిస్తాయి కాబట్టి భాషతో పేచీ లేదు. పేచీ కాగితాలతో. ఒక రాష్ట్రం ఇచ్చిన ఆరోగ్య కార్డు పక్క రాష్ట్రంలో అన్నిసార్లూ అక్కరకు రాదు. దగ్గరున్న ఆసుపత్రిలో డబ్బు కట్టాలి, ఉచితమైనది దూరంగా ఉంది. ఈ రెంటి మధ్య నలిగినవాళ్లు చాలామంది డయాలసిస్‌ను రెండు మూడు విడతలతోనే ఆపేశారు. ఆపేస్తే ఏమవుతుందో వాళ్లకు తెలియక కాదు.

ఇది ఆసుపత్రి గదుల్లోనే ఆగలేదు. ఉద్దానం సంబంధమంటే పెళ్లిళ్ల మాటల్లో అవతలివాళ్లు వెనకాడే రోజులొచ్చాయి. పరీక్ష చేయించుకుంటే పేరు బయటపడుతుందని, పడితే ఇంట్లో పెళ్లి కావలసిన పిల్ల ఉందని, పరీక్షకే వెళ్లనివాళ్లు తయారయ్యారు. వలసలు ఈ ప్రాంతానికి పాతవే. జబ్బు భయం వాటికి మరో కారణమైంది.

మిషన్లు దగ్గరయ్యాయి

2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. డయాలసిస్ అందులోకి రావడం ఉద్దానానికి మొదటి పెద్ద ఊరట. తోట అమ్మకుండానే మిషను మీద పడుకోవచ్చన్నమాట. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. రోగి మాత్రం ఏ పేరుతో పిలిచినా కార్డు తీసి చూపిస్తూనే ఉన్నాడు.

ఖర్చు తగ్గినా దారి తగ్గలేదు. శ్రీకాకుళంలో మెడికల్ కాలేజీ రావడం, అక్కడి రిమ్స్‌లో డయాలసిస్ అందడంతో విశాఖ దాకా పోవలసిన ప్రయాణం కొందరికి సగానికి తగ్గింది. పలాస నుంచి శ్రీకాకుళం 75 కిలోమీటర్ల పైమాట. 2017లో ఉద్దానం రాష్ట్ర రాజకీయాల మధ్యకు వచ్చింది. పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి రోగులతో మాట్లాడారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కిడ్నీ నిపుణుడు జోసెఫ్ బాన్‌వెంట్రే బృందం విశాఖ వచ్చింది. చంద్రబాబు నాయుడి ప్రభుత్వం డయాలసిస్ రోగులకు నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించింది. క్రమంగా టెక్కలి, పలాస, సోంపేట, కవిటి, హరిపురం ప్రభుత్వాసుపత్రుల్లో మిషన్లు పనిచేయడం మొదలైంది. 2019లో జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం డయాలసిస్ పింఛనును 10,000 రూపాయలు చేసింది. ఆ సెప్టెంబరులోనే పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రానికీ, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికీ శంకుస్థాపన జరిగింది. 2023 డిసెంబరు 14న దాన్ని ప్రారంభించారు. అదే రోజు, వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి ఉద్దానంలోని 807 ఊళ్లకు తెచ్చే 700 కోట్ల రూపాయల తాగునీటి పథకమూ మొదలైంది.

ఇది తక్కువ పని కాదు. రెండు వందల కిలోమీటర్లు పది ఇరవై కిలోమీటర్లయ్యాయి. ఉదయం ఆటో ఎక్కి, మిషను మీద నాలుగు గంటలు పడుకుని, మధ్యాహ్నానికి ఇంటికి చేరే రోగి ఒకప్పటి రోగితో పోలిస్తే అదృష్టవంతుడు. పింఛనుతో మందులొస్తున్నాయి, ఇల్లు గడుస్తోంది. రెండు పెద్ద పార్టీలూ ఈ విషయంలో పోటీ పడ్డాయి. ఆ పోటీ రోగికి మేలే చేసింది. రాజకీయాలను తిట్టుకోవడానికి మనకు చాలా సందర్భాలుంటాయి, ఇది వాటిలో ఒకటి కాదు.

అయితే మిషను ఏం చేస్తుందో, ఏం చేయలేదో కూడా తెలియాలి. మంచి కిడ్నీ రేయింబవళ్లు పనిచేస్తుంది. వారానికి 168 గంటలు. మిషను మూడు విడతలు చేసినా 12 గంటలే. రెండు విడతలైతే 8 గంటలు. మిగతా సమయమంతా మలినాలూ నీరూ ఒంట్లో పేరుకుంటూనే ఉంటాయి. అందుకే గ్లాసు నీళ్లు తాగాలన్నా లెక్క చూసుకోవాలి. ఎండాకాలంలో నాలుక పిడచకట్టుకుపోతున్నా తడుపుకోవడమే గాని తాగడం లేదు. మరో విచిత్రం ఏమిటంటే, ఒక్క విడత డయాలసిస్‌కు మిషను వాడే శుద్ధి చేసిన నీరు సుమారు 120 లీటర్లు. నీటి మీద అనుమానంతో మూడు దశాబ్దాలు గడిపిన నేల మీద, బతకడానికి అంతటి శుభ్రమైన నీరు కావాలి, దాన్ని ఆగకుండా శుద్ధి చేయడానికి కరెంటు కావాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. దారుల మీద చెట్లు పడి ఆటో కదలని పరిస్థితి. అదే తుపాను కొబ్బరినీ జీడినీ కూకటివేళ్లతో పెకిలించింది. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఐదారేళ్లు. వైద్యం ఉచితమైనా ఆటో కిరాయి, తోడు వచ్చినవాళ్ల కూలి, బయట కొనే మందులు ఉచితం కావు. వాటికి ఆసరాగా ఉన్న తోటే ఆనాడు నేలకొరిగింది.

అసలు దూరం ఇంకా ఉంది

పలాసలో పెద్ద భవనం లేచాక కూడా తగ్గని దూరం ఒకటుంది. అది జబ్బు మొదలైన రోజుకూ, అది బయటపడిన రోజుకూ మధ్య దూరం. దాన్ని కిలోమీటర్లలో కొలవలేం. ఏళ్లలో కొలవాలి.

ఉద్దానం జబ్బు చప్పుడు చేయదు. మామూలు కిడ్నీ జబ్బుల్లో ముఖం ఉబ్బుతుంది, మూత్రం నురగ కడుతుంది, బీపీ పెరుగుతుంది. మనిషి భయపడి డాక్టరు దగ్గరికి పరిగెడతాడు. ఇక్కడ దెబ్బతినేది ముందుగా కిడ్నీలోని సన్నని గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు కాబట్టి పట్టీ ముంచి చూసే చవక పరీక్షకు అది దొరకదు. కాస్త నీరసం, కాస్త ఆకలి మందగించడం, నడుము నొప్పి. కూలి పని చేసేవాడికి ఇవన్నీ రోజూ ఉండేవే. రక్తంలో క్రియాటినిన్ అనే మలినం ఎంతుందో చూస్తేనే తెలుస్తుంది, అది కూడా కిడ్నీ పని సగం దాకా పోయాకే స్పష్టంగా పెరుగుతుంది. అందుకే ఒక్కసారి చూసి బాగుందంటే సరిపోదు, ఏడాదికేడాది ఆ అంకె ఎటు పోతోందో చూడాలి.

అప్పటిదాకా నడుము నొప్పికి దొరికే వైద్యమేమిటి? ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, నాలుగు నొప్పి మాత్రలు. ఆర్‌ఎంపీని తప్పుపట్టి లాభం లేదు. అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆయనే. కానీ డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు పదేపదే వాడితే బాగున్న కిడ్నీకే ముప్పు. సగం పోయిన కిడ్నీకి అది కొరివితో తల గోక్కోవడమే. రోజంతా ఎండలో తోట పని చేసి ఒళ్లు ఎండిపోయిన మనిషికి సాయంత్రం నొప్పి సూది పడితే దెబ్బ రెండింతలు.

ఇలా ఆలస్యమైన మనిషి చివరికి ఆసుపత్రికి వచ్చేసరికి ఆయాసంతో, వాంతులతో వస్తాడు. వెంటనే డయాలసిస్ కావాలి. దానికి చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేసి పెట్టాలి. అది బలపడటానికి వారాలు పడుతుంది. ముందుగా తెలిసినవాళ్లకు ఆ వ్యవధి ఉంటుంది. తెలియనివాళ్లకు మెడ దగ్గర పెద్ద సిరలోకి గొట్టం దింపుతారు. ఆ గొట్టం వెంట చీము, జ్వరం, రక్తంలో ఇన్ఫెక్షన్. డయాలసిస్ మొదలైన తొలి నెలల్లో చనిపోయేవారిలో ఇలా ఆలస్యంగా వచ్చినవాళ్లే ఎక్కువ. అంటే మంచం ఇంటి పక్కనే ఉన్నా, జబ్బు తెలిసేది ఆలస్యమైతే ఆ దగ్గరతనం సగమే అక్కరకొస్తుంది.

ఇంకొక దూరం మంచానికీ డాక్టరుకూ మధ్య ఉంది. డయాలసిస్ మిషన్ను టెక్నీషియన్ నడపగలడు. కానీ రోగి రక్తం ఎందుకు తగ్గుతోంది, ఎముకలు ఎందుకు గుల్లబారుతున్నాయి, ఏ మందు మోతాదు మార్చాలి అన్నది చూడటానికి నెఫ్రాలజిస్టు కావాలి. దేశం మొత్తం మీదే వాళ్లు తక్కువ. పలాస లాంటి చిన్న ఊళ్లో స్థిరపడే నిపుణుడు దొరకడం ఇంకా కష్టం. పిల్లల చదువులు, భాగస్వామి ఉద్యోగం, ప్రాక్టీసు, అన్నీ విశాఖకే లాగుతాయి. భవనం కట్టడానికి నాలుగేళ్లు పట్టింది. అందులో మనుషుల్ని నిలబెట్టడం అంతకన్నా పెద్ద పని. రిబ్బను కత్తిరించి చూపించగలిగేది కాదు కాబట్టి దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

కిడ్నీ మార్పిడి ఉంది కదా అనొచ్చు. బతికున్న దాత సాధారణంగా ఇంటివాళ్లలో ఒకరై ఉండాలి. ఉద్దానంలో అదే తోటలో పనిచేసిన, అదే నీళ్లు తాగిన అన్నో తమ్ముడో ముందుకొస్తే, వాళ్ల కిడ్నీలు ముందు పరీక్షకు నిలవాలి. ఒక ఇంట్లో ఇద్దరు రోగులున్న కుటుంబాలకు ఆ మాటే ఎత్తలేం.

ఎందుకొస్తోంది?

2019లో కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ పత్రికలో రవిరాజు బృందం ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఉద్దానంలో పరీక్షించిన పెద్దవాళ్లలో 18 శాతానికి పైగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉంది. అందులో అధిక భాగం కారణం తెలియని కోవలోకే వచ్చింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థలూ ఊళ్లలో దీని మీద పనిచేశాయి. అనుమానితుల జాబితా పొడుగ్గా ఉంది. భూగర్భజలంలోని సిలికా, సీసం, కాడ్మియం లాంటి భార లోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే పని, నొప్పి మందులు, జన్యువులు. ఒక్కటే దోషి అని ఎవరూ నిరూపించలేదు. రెండు మూడు కలిసి పనిచేస్తున్నాయేమోనన్న ఆలోచనకే ఇప్పుడు బలం ఎక్కువ.

ఉద్దానం ఒంటరిది కాదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు ఇదే రకం జబ్బు 1990లలోనే బయటపడింది. ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కోసే కూలీలకూ వచ్చింది. శ్రీలంక ప్రభుత్వం కలుపుమందు గ్లైఫోసేట్ మీద అనుమానంతో 2015లో దాన్ని నిషేధించింది. కారణమని తేల్చలేక తర్వాత సడలించింది. నికరాగువాలో దారి వేరు. అసలు కారణం తేలేదాకా ఆగకుండా, చెరకు తోటల్లో నీళ్లు, నీడ, మధ్య మధ్య విరామం తప్పనిసరి చేసి, కూలీల రక్తం క్రమం తప్పకుండా పరీక్షించారు. కిడ్నీకి తగిలే దెబ్బ తగ్గింది. ఉద్దానంలో ఎండ ఒక్కటే కారణమని చెప్పలేం. అయినా తోటలో, జీడి బట్టీల దగ్గర పనిచేసేవాళ్లకు నీళ్లూ నీడా ఇవ్వడానికి శాస్త్రవేత్తల తుది తీర్పు అక్కర్లేదు.

కారణం దొరికిన కథ కూడా ఒకటుంది. డాన్యూబ్ నది ఉపనదుల వెంట ఉన్న బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, రొమేనియా పల్లెల్లో ఇలాంటి కిడ్నీ జబ్బే ఉండేది. 1950లలో డాక్టర్లు దాన్ని గుర్తించారు. అక్కడా నీళ్లనే అనుమానించారు, లోహాలనే అనుమానించారు. గోధుమ చేలలో కలుపుగా పెరిగే అరిస్టొలోకియా మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయని ఒకరిద్దరు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి మూలికా మాత్రలు మింగిన స్త్రీలకు హఠాత్తుగా కిడ్నీలు పోయాయి. ఆ మాత్రల్లో ఉన్నది అదే జాతి మొక్క. అప్పుడు పాత అనుమానం మళ్లీ పైకొచ్చింది. 2000 తర్వాత, రోగుల కణజాలంలోని డీఎన్‌ఏ మీద ఆ విషం వదిలిన గుర్తులు దొరికాక, ఇది తేలిపోయింది. అరిస్టొలోకియా జాతివే మన ఈశ్వరి, గాడిద గడప. ఉద్దానంలో కారణం అదేనని దీని అర్థం కాదు. మూలికలు గదా ఏం చేస్తాయిలే అనుకునే అలవాటుకు మాత్రం ఇదొక హెచ్చరిక.

ఈ కథలో మనం గమనించాల్సింది మొక్కను కాదు. యాభై ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి పరీక్షించడానికి రోగుల కణజాలం భద్రంగా ఉంది. ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఎవరికి ఎప్పుడొచ్చిందో నమోదై ఉంది. అది ఏ ఒక్క మహానగరపు ప్రయోగశాలో చేసింది కాదు. ఆ పల్లెల్లో దశాబ్దాల పాటు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్న వైద్యులు చేశారు.

చిన్న ఆసుపత్రి పెద్ద పని

మన దగ్గర ఆ పని ఎవరిది? 200 పడకల భవనానిది కాదు. ఊరి ఆరోగ్య ఉపకేంద్రానిది, ఏఎన్‌ఎంది, ఆశాది, పీహెచ్‌సీ డాక్టరుది. పెద్దాసుపత్రి జబ్బు ముదిరినవాళ్లను చూస్తుంది. ముదరకముందు చూడగలిగేది వీళ్లే. ఉద్దానంలో పెద్దలందరికీ ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష చేయాలి. ఎన్నికల ముందు పెట్టే శిబిరంలా కాకుండా, టీకాల పద్ధతిలో, వదలకుండా. అంకె పెరుగుతున్నవాళ్ల చేతికి ఒక కార్డు ఇవ్వాలి, దాన్ని చూడగానే ఆర్‌ఎంపీ కూడా నొప్పి సూది ఆపేలా. ఆర్‌ఎంపీలను దొంగల్లా చూడటం మాని, ఏ మందు ఇవ్వకూడదో పిలిచి చెప్పాలి. ఫిస్టులా ఆపరేషన్ పలాసలోనే క్రమం తప్పకుండా జరగాలి. నెఫ్రాలజిస్టు పోస్టు ఖాళీ అయితే అది పలాస సమస్య కాదు, రాష్ట్ర సమస్య అనుకోవాలి. ఆ పోస్టుకు ప్రత్యేక జీతం, వసతి ఇవ్వడం భవనం ఖర్చులో ఏ మూలకూ రాదు.

వంశధార నీళ్లు వస్తున్న ఈ సమయం ఒక అవకాశం కూడా. నీటిలోనే ఏదో ఉందని ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నాం. ఇప్పుడు ఆ నీరు మారుతోంది. పైపు నీళ్లు తాగుతున్న ఊళ్లలో, ఇంకా బోరు నీళ్లే తాగుతున్న ఇళ్లలో కిడ్నీల పనితీరు ఎలా ఉందో పదేళ్ల పాటు పోల్చి చూస్తే, నీటి మీద అనుమానం నిజమో కాదో తేలుతుంది. ఆ లెక్క రాయకపోతే 700 కోట్లతో దాహం తీరుతుంది, అది మంచిదే. ప్రశ్న మాత్రం ఉన్నచోటే ఉంటుంది, మరో ముప్పై ఏళ్ల తర్వాత మరో బృందం సున్నా నుంచి మొదలుపెడుతుంది.

పరిశోధకులకూ ఊళ్లకూ మధ్య ఉన్న బాకీ కూడా తీర్చాలి. ఉద్దానం వాళ్లు ఎన్నోసార్లు చేయి చాచి రక్తం ఇచ్చారు. సీసాల్లో నీళ్లు పట్టి ఇచ్చారు, మట్టి తవ్వి ఇచ్చారు. ఆ ఫలితాలు ఇంగ్లీషు పత్రికల్లో వచ్చాయి. పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో, ఒడియాలో ఎన్ని వచ్చాయి? తన ఊరి నీటిలో ఏముందో, ఏం లేదో తెలుసుకునే హక్కు రక్తం ఇచ్చిన మనిషికి లేదా? ఆ గౌరవం ఇచ్చినచోటే తర్వాతి పరీక్షకు మనుషులు భయపడకుండా వస్తారు.

ఇన్నాళ్లూ ఉద్దానంలో పని ఎంత జరిగిందో పడకల లెక్కతో, మిషన్ల లెక్కతో చెప్పుకున్నాం. అవి పెరిగితే సంతోషించాం. అసలు చూడాల్సిన లెక్క వేరే ఉంది. ఈ ఏడాది కొత్తగా డయాలసిస్‌కు వచ్చినవాళ్లెందరు, అందులో ముందే తెలిసి ఫిస్టులాతో వచ్చినవాళ్లెందరు, మెడలో గొట్టంతో మొదలుపెట్టినవాళ్లెందరు. ఈ మూడు అంకెల్నీ మండలాల వారీగా ఏటా ప్రకటించమని అడగడానికి పెద్ద ఉద్యమం అక్కర్లేదు. ఆసుపత్రి రిజిస్టర్లలో ఉండాల్సినవే అవి. మొదటి అంకె తగ్గడం మొదలయ్యేదాకా, పలాసలో ఎన్ని పడకలు వేసినా ఉద్దానానికి ఆసుపత్రి ఇంకా దూరంలోనే ఉన్నట్టు లెక్క.